మూడేళ్ల పెద్దరికం

ఆ సోమవారం ఉదయం గోవిందరావు పెట్టుకున్న పని చాలా చిన్నది. పెరట్లో మునగ కొమ్మ నాటాలి. దానికి అడ్డు ఒక్కతే, ఆయన భార్య పోలమ్మ.

"మునగ వొద్దు మావా. గొంగళిపురుగులు ఇంట్లోకొస్తాయి. అక్కడ నాను కరేపాకు ఏస్తాను," అంది పోలమ్మ.

గోవిందరావు గునపాన్ని గోడకు ఆనించి గొంతు సవరించుకున్నాడు. "సూడు. నీకన్నా మూడేళ్లు ముందు ఈ బూమ్మీద పడ్డోణ్ని. మునగ సంగతి నాకు తెల్దేటి?"

పోలమ్మ లోపలికి వెళ్లిపోయింది.

యాభై ఏడేళ్ల కాపురంలో గోవిందరావు గెలిచిన తగువులన్నీ ఆ ఒక్క మాటతోనే గెలిచాడు. కూతుళ్ల పెళ్లిసంబంధాలు, కుట్టుమిషను, మంచం ఏ గోడవైపు వేయాలన్న ప్రశ్న, అన్నీ అలా తేలినవే. మరో వాదన ఆయన దగ్గర లేదు. చిక్కల్లా ఆ మాట అబద్ధం కావడమే.

బెంగాలీవాళ్లకు ఇంట్లో ఒక పేరు, బళ్లో ఒక పేరు ఉన్నట్టే ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని పాతకాలం తెలుగువాళ్లకు రెండు వయసులు. ఒకటి సర్వీసు వయసు, రెండోది అసలు వయసు. 1963లో వర్క్‌షాపులోకి ఖలాసీలను తీసుకుంటున్నారని తెలియగానే గోవిందరావు తండ్రి సొంతూరికి రైలెక్కి, పద్నాలుగేళ్ల కొడుక్కి పద్దెనిమిదని బడి సర్టిఫికెట్ రాయించుకొచ్చాడు. అయిదేళ్ల తరవాత పెళ్లివారు ఆ ఉద్యోగం కాగితం చూసే పిల్లనిచ్చారు. కాగితం ప్రకారం గోవిందరావుకు ఇప్పుడు ఎనభై. అసలుకు డెబ్బై ఆరు. పోలమ్మకు డెబ్బై ఏడు.

అంటే మొగుడు పెళ్లాం కన్నా ఏడాది చిన్న. ఊళ్లో ఎవరి కాగితం ఎలాంటిదైనా తన మొగుడిది మాత్రం నిజమేనని పోలమ్మ నమ్ముతోందని ఆయన ధీమా. ఈ సంగతి పోలమ్మకు తెలిసిన మరుక్షణం ఆ ఇంట్లో గోవిందరావు మాటకు కాలు విరుగుతుంది. అందుకే ఆయన దాన్ని యాభై ఏడేళ్లుగా గుండెల్లో దాచుకున్నాడు. ఇంకొన్నాళ్లు దాచేసేవాడే. కానీ గునపం మళ్లీ చేతిలోకి తీసుకునేలోపు గేటు చప్పుడైంది.

వచ్చిన అమ్మాయి పేరు జెనీ. హిజ్లీ దారిలో కొత్తగా తెరిచిన వృద్ధాప్య పరిశోధన కేంద్రంలో డాక్టరేట్ చేస్తోంది. విశాఖపట్నం పిల్ల. చేతిలో ఒక ఫారం, భుజాన సంచి, సంచిలో చేతిపట్టు కొలిచే యంత్రం.

"తాతగారూ, మనిషి ఎందుకు ముసలివాడవుతాడనే దానిమీద చాలా సిద్ధాంతాలున్నాయి," అని అరుగు మీద కూర్చుంటూ మొదలుపెట్టింది జెనీ. "ఒళ్లు యంత్రంలాంటిది, వాడేకొద్దీ అరుగుతుందని ఒకళ్లంటారు. లోపలొక గడియారం ఉంది, దాని టైముకి అది ఆగుతుందని ఇంకొకళ్లు. పెద్దవయసులో మనిషి తనంతట తానే నలుగురిలోంచి తప్పుకుంటాడని కొందరు. కాదు, తప్పుకోకుండా తిరిగేవాడే బాగుంటాడని మరికొందరు."

"నానొకటి సెప్తాను, రాసుకో," అన్నాడు గోవిందరావు. ఆయన నలభై రెండేళ్లు వేగన్ల షాపులో ఫిట్టరుగా సుత్తి ఆడించిన మనిషి. "తిరిగిన వేగను అంత బేగి పాడవదు. సైడింగులో నిలబెట్టేసిన వేగనే తుప్పడతాది."

జెనీ కళ్లు మెరిశాయి. రాసుకుంది. తరవాత యంత్రం ఆయన చేతికిచ్చి నొక్కమంది. ముల్లు ముప్పై ఎనిమిది కిలోల దగ్గర ఆగింది. జెనీ యంత్రాన్ని ఒకసారి విదిలించి మళ్లీ నొక్కమంది. మళ్లీ ముప్పై ఎనిమిదే.

"మీ వయసు ఎంతండీ?"

అప్పుడే పోలమ్మ టీ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చింది. గోవిందరావు ఆమె వైపు చూడకుండా, "ఎనబై," అన్నాడు.

"ఎనభై ఏళ్లకి ఇంత పట్టు నేనెక్కడా చూడలేదు."

"మా మావ అంతే," అంది పోలమ్మ, టీ అందిస్తూ. "వయసు మీద పడనీడు."

జెనీ ఆ నెలలో ఇరవై మంది వర్క్‌షాపు కార్మికులను, ఇరవై మంది గుమస్తాలను కొలిచింది. అందరూ రిటైరైనవాళ్లే. లెక్కలు వేసి చూసుకుంటే ఆమెకు రెండు రోజులు నిద్రపట్టలేదు. కార్మికులంతా వాళ్ల వయసుకన్నా నాలుగైదేళ్లు కుర్రగా ఉన్నారు. గుమస్తాలంతా నాలుగైదేళ్లు ముసలిగా ఉన్నారు.

అసలు సంగతి ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఏ అరుగును అడిగినా చెబుతుంది. కార్మికుల తండ్రులు కొడుక్కి ఉద్యోగం త్వరగా రావాలని వయసు పెంచి రాయించారు. గుమస్తాల తండ్రులు నాలుగు అక్షరాలు తెలిసినవాళ్లు కాబట్టి, ఉద్యోగం ఎక్కువకాలం నిలవాలని తగ్గించి రాయించారు. జెనీకి ఇది తెలియదు. ఆమె ఆస్పత్రిలో పుట్టి మునిసిపాలిటీ కాగితంతో పెరిగిన పిల్ల. మనిషికి పుట్టినరోజు ఒక్కటే ఉంటుందని నమ్మే తరం.

అలా పుట్టింది సుత్తి సిద్ధాంతం. సుత్తి పట్టినవాడు నిదానంగా ముసలివాడవుతాడు, కుర్చీ పట్టినవాడు వేగంగా అవుతాడు. జెనీ గైడు ప్రొఫెసర్ ఉమాశంకర్ లెక్కలు చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. వచ్చే శనివారం కేంద్రం హాల్లో సభ అన్నాడు. బయటినుంచి పెద్దలొస్తారు, నచ్చితే జెనీకి డాక్టరేట్ ఖాయమన్నాడు. వేదికమీద ఇద్దరు సజీవ సాక్ష్యాలు కూర్చోవాలి. ఎనభై ఏళ్ల సుత్తి, గోవిందరావు. డెబ్బై రెండేళ్ల కుర్చీ, హరిబాబు.

హరిబాబు కార్మికుల హాజరు రాసే టైమాఫీసులో హెడ్‌క్లర్కుగా రిటైరయ్యాడు. తాల్‌బగీచాలో ఇల్లు కట్టుకున్నా కబుర్లకు మాత్రం రోజూ ఓల్డ్ సెటిల్‌మెంట్‌కే వస్తాడు. సుత్తి సిద్ధాంతం టీకొట్టుదాకా పాకిన మర్నాడే, బుధవారం ఉదయం ఆరింటికి, ఆయన ఎనిమిదిమంది మాజీ గుమస్తాలను వెంటబెట్టుకుని గోవిందరావు పెరట్లో దిగాడు. అసలు సంగతి తెలిసినవాళ్లే అయినా, ఎందుకైనా మంచిదని అందరి చేతుల్లోనూ సుత్తులు. పెరట్లో ఒక పాత రైలు పట్టా ముక్క పడి ఉంది. వయసు తగ్గించుకునే పని మొదలైంది.

మొదటి దెబ్బకు కాకులు లేచిపోయాయి. పదో దెబ్బకు పక్క క్వార్టరులోని బెంగాలీ గార్డు, డ్యూటీ దిగి అప్పుడే పడుకున్నవాడు, గోడమీదుగా తల పెట్టి, "కీ హొలో దాదా?" అని, ఏమైందన్నా అని, ఏడుపు గొంతుతో అడిగాడు. ఇరవయ్యో దెబ్బ హరిబాబు బొటనవేలి మీద పడింది.

సాయంత్రానికి వేలికి గుడ్డకట్టుతో హరిబాబు ఒక్కడే తిరిగొచ్చాడు.

"శనివారం నన్ను నీ పక్కన కూకోబెడతారట. డెబ్బై రెండుకే ఈడెలగైపోనాడో సూడండి, అని సూపిస్తారట. ఇదేటి మర్యాద?"

"ఒరే హరీ, సదువుకున్నోల్లు ఏదో సూపించుకుంటారు. నీకేటి నష్టం?"

"నాకు డెబ్బై రెండేటి? డెబ్బై యేడు. డెబ్బై యేడుకి నాను రాజానాగున్నాను. ఆ మాట మైకులో సెప్పేస్తాను. నాది సెప్పినాక నీదీ సెప్పాల కదా."

గోవిందరావు వంటింటి వైపు చూశాడు. లోపల గిన్నెలు కడుగుతున్న చప్పుడు. గొంతు తగ్గించి, "పోలమ్మ ముందు వరసలో కూకుంటాది రా," అన్నాడు.

"కూకోనీ."

"ఇన్నాళ్లూ దానికన్నా మూడేళ్లు పెద్దోణ్నని సెప్పుకొచ్చినాను. పెళ్లాం కన్నా ఏడాది సిన్నోణ్నని మైకులో తెలిస్తే ఇంక నాకు ఇంట్లో కూడెవులెడతారు? నీకేటి కావాలో సెప్పు."

హరిబాబు వేలికట్టు సవరించుకున్నాడు. "యాబై ఏళ్లుగా నన్ను 'ఒరే హరీ' అంటన్నావు. నిజానికి నాను నీకన్నా ఏడాది పెద్దోణ్ని. పల్లు కొరుక్కుని పడ్డాను. రేపట్నుంచి నలుగురిలో నన్ను అన్నా అని పిలు. అప్పుడు నోరిప్పను."

గోవిందరావు ఒప్పుకున్నాడు. దాని ఖరీదు మర్నాడు ఉదయమే తెలిసింది.

"రా అన్నా, కూకో అన్నా," అంటూ ఆయన హరిబాబుకు అరుగుమీద చాప పరుస్తుంటే పోలమ్మ బియ్యం చేట పట్టుకుని ఆగిపోయింది. హరిబాబు వెళ్లేదాకా ఊరుకుని, తరవాత అడిగింది.

"ఆడు నీకన్నా ఎనిమిదేళ్లు సిన్నోడు కదా మావా. అన్నంటావేటి?"

"మర్యాదకి."

"ఎనిమిదేళ్ల సిన్నోడికి అన్నని మర్యాదేటి? రేపు బుజ్జిబాబుని నాన్నా అని పిలుస్తావా?"

బుజ్జిబాబు వాళ్ల కొడుకు. రైల్వే ఇచ్చిన ఆ క్వార్టరు అతని పేరు మీదే ఉంది. పోలమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, చేట కింద పెట్టి, ఫోన్ తీసి జెనీకి చేసింది. "అమ్మా, బేగి రా. మా మావకి సిన్నా పెద్దా తెలీట్లేదు."

పదకొండింటికల్లా జెనీ అరుగుమీద ఉంది. జ్ఞాపకశక్తిని పరీక్షించే అచ్చుకాగితం తీసింది. మొహంలో రక్తం లేదు. ఆమె సిద్ధాంతం మొత్తం ఈ ముసలాయన భుజాల మీద నిలబడి ఉంది మరి.

"ఇవాళ ఏ వారం తాతగారూ?"

"గురువారం."

"నూరులోంచి ఏడేడు చొప్పున తీసేస్తూ రండి."

"తొంబై మూడు, ఎనబై ఆరు, డెబ్బై తొమ్మిది, డెబ్బై రెండు, అరవై అయిదు. ఇంకా తియ్యాలా?"

జెనీ ఊపిరి పీల్చుకుంది. "చాలు. మీరు పుట్టిన సంవత్సరం?"

తీసివేతల ఊపులో ఉన్న గోవిందరావు నోరు జారింది. "నలబై తొమ్మిది."

"వయసు?"

వెనక గాజులు గలగలలాడాయి. పోలమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "ఎనబై," అన్నాడు గోవిందరావు.

పెన్ను ఆగింది. "నలభై తొమ్మిదిలో పుడితే డెబ్బై ఆరే కదండీ."

"అయితే నలబై అయిదు రాసుకో."

"ఏది నిజం తాతగారూ?"

"నీకు ఏది వీలైతే అది."

సరిగ్గా అప్పుడే హరిబాబు గేటు తీసుకుని వచ్చి, "ఏటి తమ్ముడూ, ఏటైనాది?" అన్నాడు. "ఏటీ నేదు అన్నా," అన్నాడు గోవిందరావు. జెనీ కాగితం మీద ఏదో రాసి, దానికింద రెండు గీతలు గీసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

మధ్యాహ్నానికి గోవిందరావుకు మతిపోయిందన్న వార్త ఓల్డ్ సెటిల్‌మెంట్ సందులన్నీ చుట్టేసింది. సాయంత్రానికి ఆయన బయటికి పోకుండా సైకిలుకు గొలుసు వేసి తాళం పెట్టారు. శుక్రవారం ఉదయం ఆయన తొడుక్కోబోయిన చొక్కా జేబు మీద ఒక గుడ్డముక్క కుట్టి ఉంది. దానిమీద కోడలు మీనాకుమారి చేతిరాత. స్టేషన్ బోర్డులా మూడు భాషలు. పేరు, క్వార్టరు నంబరు, కింద, "కనిపిస్తే ఇంటికి చేర్చగలరు."

"ఒలే, ఇదేటిది?"

"నీ మంచికే మావా. అన్నెవుడో తమ్ముడెవుడో తెలీనోడికి ఇల్లెక్కడో తెలుస్తాదేటి?"

గోవిందరావు గొంతు సవరించుకున్నాడు. "నీకన్నా మూడేళ్లు..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. మతిపోయినవాడి నోట ఆ మాటకు విలువేముంటుంది? జీవితంలో మొదటిసారి ఆయన ఆయుధం పేలలేదు.

కోపంతో నడుచుకుంటూ గోల్ బజార్‌కు వెళ్లిపోయాడు. చేపల వరసలో నిలబడి బొచ్చె బేరం చేస్తుంటే, నిన్నటిదాకా ఆయనతో పోట్లాడిన, చేపలమ్మే బెంగాలీ ఆయన ఆయన జేబు మీది అక్షరాలు చదివాడు. కత్తిపీట పక్కన పెట్టేశాడు. చేతులు కడుక్కుని, "చొలున్ దాదు, బాడి చొలున్," పదండి తాతా ఇంటికి, అంటూ చెయ్యి పట్టుకుని టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కించాడు. తన ఇల్లు తనకు తెలుసని గోవిందరావు మూడు భాషల్లో మొత్తుకున్నాడు. ఇలాంటివాళ్లు అలాగే అంటారని టోటో డ్రైవరు చెప్పాడు. పోలమ్మ ఆ చేపలమ్మే ఆయనకు టీ ఇచ్చి, దణ్ణం పెట్టి పంపింది.

అదే సాయంత్రం ప్రొఫెసర్ ఉమాశంకర్ స్వయంగా ఫోన్ చేశాడు. సిద్ధాంతం మారింది. సుత్తి చేతులను కాపాడింది గానీ, నలభై ఏళ్ల మోత తలను దెబ్బతీసింది. రేపు సభలో ఆ మాటే చెబుతారు. సభ అయ్యాక గోవిందరావును రెండు వారాలు కేంద్రంలోనే ఉంచుకుని పరీక్షిస్తారు. మిగిలిన పంతొమ్మిది మంది కార్మికులకూ అదే కబురు వెళ్లింది. రాత్రి భోజనాల వేళకు పంతొమ్మిది ఇళ్లనుంచీ గోవిందరావును తిడుతూ ఫోన్లు వచ్చాయి.

పిచ్చివాడిగా మిగలాలా, పెళ్లాం కన్నా చిన్నవాడిగా మిగలాలా? గోవిందరావు అన్నం కలుపుతూ ఆలోచించాడు. ఎటు తిప్పినా ముద్ద నోట్లోకి పోలేదు.

శనివారం హాలు నిండిపోయింది. నలభైమంది రిటైరైనవాళ్లు కుటుంబాలతో వచ్చారు. ముందు వరసలో బయటినుంచి వచ్చిన పెద్దలు, వాళ్ల పక్కనే పోలమ్మ. వేదికమీద జేబు అక్షరాలతో గోవిందరావు, వేలికట్టుతో హరిబాబు. జెనీ మైకు ముందుకొచ్చి, "వృద్ధాప్యం మీద ఇప్పటిదాకా ఉన్న సిద్ధాంతాలకు..." అంటుండగా ఆమె గొంతు వణికింది. ఆ వణుకు విని గోవిందరావు లేచాడు.

"ఆగమ్మా," అని మైకు లాక్కున్నాడు. "నా బుర్ర బాగానే ఉంది. నలబై తొమ్మిదే నిజం. ఎనబై అబద్ధం. మా అయ్య ఉద్యోగం కోసం నాలుగేళ్లు పెంచి రాయించినాడు. నాకు డెబ్బై ఆరు." ముందు వరస వైపు చూశాడు. "నాను నా పెళ్లాం కన్నా ఏడాది సిన్నోణ్ని."

పోలమ్మ పమిట సర్దుకుంది. ఆమె మొహంలో ఏమీ కనిపించలేదు.

ఇక ఆగలేక హరిబాబు లేచాడు. "నాకు డెబ్బై యేడు. డెబ్బై యేడుకి ఎలగున్నానో ఎవులైనా సూసి సెప్పండి." ఎవరూ ఏమీ చెప్పలేదు.

ప్రొఫెసర్ ఉమాశంకర్ చెమట తుడుచుకుని, చెప్పింది ఈ గది దాటదని హామీ ఇచ్చి, మెల్లగా అడిగాడు. "మీలో ఇంకెవరికైనా కాగితం వయసు వేరు, అసలు వయసు వేరు ఉందా?"

ముప్పై ఏడు చేతులు లేచాయి. లేవని ముప్పై ఎనిమిదో చెయ్యి నిద్రపోతున్న మనిషిది.

జెనీ అక్కడికక్కడే లాప్‌టాప్ ముందేసుకుని ఒక్కొక్కరి అసలు వయసు అడిగి దిద్దుకుంది. పావుగంటలో తెరమీద సుత్తి గీత, కుర్చీ గీత దగ్గరికి జరిగి ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. సుత్తి పట్టినా కుర్చీ పట్టినా మనుషులు ఒకే వేగంతో ముసలివాళ్లవుతున్నారు. సిద్ధాంతం చచ్చిపోయింది. జెనీ తెర వైపు చూస్తూ అలాగే కూర్చుండిపోయింది.

అప్పుడు పోలమ్మ మెట్లెక్కి వేదికమీదికి వచ్చింది. గోవిందరావు చేతిలో మైకు ఇంకా పనిచేస్తోందని ఇద్దరికీ తెలియదు.

"ఇప్పుడు తిట్టు," అన్నాడు గోవిందరావు.

"తిట్టడానికేటుంది? నాకు తెలుసు."

"ఎవులు సెప్పినారు?"

"ఎవులూ సెప్పనేదు. మీసానికి కాటుక పెట్టుకుని పెళ్లిపీటల మీదకొచ్చినావు. తలంబ్రాలప్పుడు సెమటకి కారిపోనాది. నా పమిటసెంగుతో తుడిసింది నానే. కింద నూనూగు కూడా నేదు."

గోవిందరావు చెయ్యి తనకు తెలియకుండానే పైపెదవి మీదికి వెళ్లింది. "మరి యాబై ఏడేళ్లు ఎందుకూరుకున్నావు?"

"ఊరుకోకేటి? పెద్దోణ్నని నువ్వనుకున్నన్నాళ్లూ ఈది కుళాయి నుంచి నీళ్లు నువ్వే మోసినావు. బొగ్గు నువ్వే మోసినావు. రేషను లైన్లో నువ్వే నిలబడ్డావు. నాకు జెరమొస్తే పిల్లల్ని నువ్వే ఎత్తుకున్నావు. పెద్దోణ్ని నానుండగా నువ్వెందుకే అన్నావు. ఒక తగువు నిన్ను గెలవనిస్తే నాకొక బిందె తగ్గేది."

హాల్లో ఆడవాళ్ల వైపునుంచి నవ్వు మొదలైంది. "మరి సైకిలుకి గొలుసేటి, జేబుకి ఈ బోర్డేటి?" అన్నాడు గోవిందరావు.

"నీ నోటితో సెప్పిద్దామని. ఇంకో నాలుగేళ్లు పోతే ఇద్దరిలో ఎవులో ఒకలం నిజంగానే మరిసిపోతాం. అప్పుడు ఎవులికి సెప్తావు?" పోలమ్మ ఆయన జేబు మీది కుట్టును గోటితో లాగి గుడ్డముక్క ఊడదీసింది. "పైగా ఇప్పుడు నీళ్లు ఇంట్లోనే వస్తన్నాయి. గేసు గుమ్మంలోకే వస్తంది. నీ పెద్దరికం నాకింక దేనికీ అక్కర్నేదు. దించెయ్."

నవ్వులు పైకప్పును తాకాయి. నిద్రపోతున్న మనిషి కూడా లేచి, సంగతేమిటో తెలియకుండానే చెయ్యెత్తాడు. ప్రొఫెసర్ ఉమాశంకర్ జెనీ పక్కకు వంగి, "రాసుకుంటున్నావా?" అని గుసగుసగా అడిగాడు. జెనీ అప్పటికే రాస్తోంది. ఏళ్లు కాదు, చేసిన పనీ కాదు, ఇంట్లో ఎవరికి ఎంత పెద్దరికం ఇచ్చి ఎంత బరువు మోయించారన్నదే మనిషిని నిలబెడుతుందేమోనని, ఆమె పెన్ను ఆగకుండా పరిగెడుతోంది.

తరవాతి సోమవారం ఆమె కొత్త ఫారాలతో మళ్లీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో దిగింది. అన్నీ పాత ప్రశ్నలే. వయసు గడి కింద మాత్రం చిన్న అక్షరాల్లో ఒక సూచన కొత్తగా చేరింది: భార్యను అడిగి నింపవలెను.